విదేశీ ఏజెంటు దగ్గర క్రూజ్ బుకింగ్: ఎవరికి లాభం, ఎవరికి తలనొప్పి

ఒకే ఓడ, ఒకే డెక్కు, పక్కపక్కన రెండు బాల్కనీ కేబిన్లు. వాటిలో ఉన్న రెండు కుటుంబాలూ ఒకే ధర కట్టి ఉంటాయనుకుంటే పొరపాటే. క్రూజ్ కంపెనీలు ప్రపంచాన్ని మార్కెట్లుగా విడగొట్టి ఒక్కో దేశానికి ఒక్కో టారిఫ్ పెట్టుకుంటాయి. డాలస్ అడ్రసుకు ఒక రేటు, మెల్‌బోర్న్ అడ్రసుకు ఒక రేటు, హైదరాబాద్ అడ్రసుకు ఇంకో రేటు. టికెట్ వెనకాల ఉండే షరతులు కూడా అలాగే దేశాన్ని బట్టి మారిపోతాయి. అందుకే, అమెరికా ఏజెంటు దగ్గర కొంటే సగానికి సగం తగ్గుతుందట అన్న మాట సిడ్నీలోనూ లండన్‌లోనూ సింగపూర్‌లోనూ మనవాళ్ల మధ్య ఎప్పుడూ నలుగుతూనే ఉంటుంది.

సగానికి సగం అన్నది నమ్మకండి. తేడా ఉన్న మాట మాత్రం నిజం. నేను చూసినంతవరకు ఆ తేడాలో ధర వాటా తక్కువ, షరతుల వాటా ఎక్కువ. ప్లాను మారితే డిపాజిట్ వెనక్కి వస్తుందా? బుక్ చేశాక రేటు పడిపోతే మనకూ తగ్గిస్తారా? ఓడ కదలకపోతే డబ్బు ఎవరిని అడగాలి? ఈ మూడింటికీ జవాబులు తెలియకుండా రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టుకుని చూసినా ఏదీ తేలదు.

మన ముందున్న దారులు

మొదటిది, ఉన్న ఊళ్లోనో ఉన్న దేశంలోనో ఏజెంటు. రెండోది, క్రూజ్ కంపెనీ సొంత వెబ్‌సైట్. అది కూడా మన దేశం పేజీకే తీసుకెళ్తుంది. మూడోది, అమెరికాలోని పెద్ద ఆన్‌లైన్ క్రూజ్ ఏజెన్సీ. నాలుగోది, ఓడ బయలుదేరే ఊళ్లో ఉన్న ఏజెంటు. మన పక్క నుంచి చూస్తే అది ఎక్కువగా సింగపూరే.

వెబ్‌సైట్ సంగతి త్వరగా తేల్చేద్దాం. నేరుగా కొంటే మధ్యవర్తి కమీషన్ మిగులుతుందని మనకు అనిపిస్తుంది. క్రూజ్ వ్యాపారంలో అలా జరగదు. ఏజెంటుకు ఇచ్చే కమీషన్‌ని కంపెనీ తన దగ్గరే ఉంచుకుంటుంది గానీ మనకు తగ్గించదు. అదే ధరకు ఏజెంటు దగ్గర కొంటే ఆ కమీషన్లో కొంత ముక్క మన చేతికి రావచ్చు. నేరుగా కొంటే ఒక సుఖం మాత్రం ఉంది: బుకింగ్ మన చేతిలో ఉంటుంది, కంపెనీకి ఫోన్ చేస్తే మనతోనే మాట్లాడతారు. ఏజెంటు ద్వారా కొన్న బుకింగ్‌లో చిన్న మార్పు కావాలన్నా చాలా కంపెనీలు మీ ఏజెంటునే అడగండి అని ఫోన్ పెట్టేస్తాయి. ఆ ఏజెంటు ఫ్లోరిడాలో నిద్రపోతున్న వేళ మీకు విశాఖలో పట్టపగలు.

అమెరికా ఏజెంటు దగ్గర అసలు ఏం దొరుకుతుంది

ప్రపంచంలో క్రూజ్‌లు అన్నిటికంటే ఎక్కువ అమ్ముడయ్యేది అమెరికాలో. పెద్ద ఏజెన్సీలు ఒక్కో సెయిలింగ్‌లో ముందే గ్రూపు రేటుకు కొన్ని కేబిన్లు పట్టి ఉంచుతాయి. కమీషన్ పది శాతం నుంచి మొదలై, అమ్మకాలు పెరిగేకొద్దీ పెరుగుతుంది. ఆ కమీషన్‌ని టికెట్ ధరలోంచి బాహాటంగా తగ్గించి ప్రకటించడానికి పెద్ద కంపెనీలు ఒప్పుకోవు. అందుకని ఏజెన్సీలు ఇంకో దారి పట్టాయి. ఓడలో ఖర్చు పెట్టుకునేందుకు ఆన్‌బోర్డ్ క్రెడిట్ ఇస్తాయి, ఓడ సిబ్బందికి మనిషికి రోజుకింత అని కట్టే టిప్పులు తామే కడతామంటాయి, ప్రయాణం అయ్యాక గిఫ్ట్ కార్డు పంపుతాయి. ధర అందరి దగ్గరా ఒకేలా కనిపిస్తున్నా తాయిలం మాత్రం ఏజెన్సీని బట్టి మారేది ఇందుకే.

ఇది పైకి కనిపించే లాభం. నా దృష్టిలో అంతకంటే విలువైనవి ఇంకో రెండున్నాయి.

ఒకటి, రిఫండబుల్ డిపాజిట్. అమెరికా మార్కెట్లో మామూలు రేటుకు కొన్న క్రూజ్‌ను ఫైనల్ పేమెంట్ తేదీ లోపు రద్దు చేసుకుంటే చాలా కంపెనీలు డిపాజిట్ మొత్తం వెనక్కి ఇస్తాయి. వారం రోజుల ప్రయాణానికి ఆ తేదీ సాధారణంగా ఓడ బయలుదేరడానికి 90 రోజుల ముందు ఉంటుంది. బ్రిటన్‌లోనైతే డిపాజిట్ కట్టామంటే పోయినట్టే లెక్క. అయితే అమెరికాలోనూ తక్కువ రేటు ఆశ చూపి నాన్‌రిఫండబుల్ డిపాజిట్ అంటగట్టడం ఈ మధ్య బాగా పెరిగింది. రెండు రేట్లూ ఒకే పేజీలో, ఒకే రంగులో కనిపిస్తాయి. చూసి నొక్కాలి.

రెండోది, ధర పడితే సవరించుకోవడం. ఫైనల్ పేమెంట్ కట్టేలోపు అదే కేబిన్ రేటు తగ్గితే, ఏజెంటుకు ఒక్క మెయిల్ పెట్టి కొత్త రేటుకు మార్పించుకోవచ్చు. క్రూజ్ రేట్లు విమానం టికెట్లలాగే ఎగుడుదిగుడుగా నడుస్తాయి. ఏడాది ముందు బుక్ చేసి, నెలకోసారి చూసుకుంటూ, పడినప్పుడల్లా తగ్గించుకునేవాళ్లు మన ఎన్నారైల్లో చాలామందే ఉన్నారు. స్టాక్ మార్కెట్ చూసినంత శ్రద్ధగా బాల్కనీ రేటు చూసే మహానుభావులు నాకు తెలుసు. వాళ్లకు నిజంగానే మిగులుతుంది. ఒకసారి కట్టేసి మర్చిపోయే రకమైతే ఈ సౌకర్యం మీకు ఉన్నా లేనట్టే.

అసలు అడ్డంకి అడ్రసు

ఇన్ని లాభాలున్నప్పుడు అందరూ అక్కడే కొనాలి కదా. కొననివ్వరు. పెద్ద క్రూజ్ కంపెనీల్లో చాలావాటికి తమ అమెరికా ఏజెంట్లతో ఒక ఒప్పందం ఉంటుంది: ఫలానా దేశాల్లో నివసించేవాళ్లకు మీరు అమ్మకూడదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ లాంటి చోట కంపెనీకి సొంత ఆఫీసు, సొంత టారిఫ్, స్థానిక ఏజెంట్లు ఉంటారు. వాళ్ల బేరం పక్కదేశం ఏజెంటు తన్నుకుపోతే ఊరుకోరు. అన్ని కంపెనీలకూ ఒకే నియమం లేదు. ఒకే గ్రూపులో ఉన్న రెండు బ్రాండ్లకు కూడా వేరువేరు నియమాలు ఉండొచ్చు. కార్నివాల్ కార్పొరేషన్ కింద కార్నివాల్, ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, క్యూనార్డ్, కోస్టా అన్నీ ఉన్నాయి. రాయల్ కరీబియన్ గ్రూపు కింద సెలబ్రిటీ, సిల్వర్‌సీ ఉన్నాయి. నార్వీజియన్ కింద ఓషియానియా, రీజెంట్ ఉన్నాయి. ఏ బ్రాండు ఏ దేశపు నివాసికి అమ్మనిస్తుందో ఏజెంటును సూటిగా అడగడమే మంచిది.

ఇక్కడ చూసేది పాస్‌పోర్టు కాదు, నివాసం. భారత పాస్‌పోర్టుతో న్యూజెర్సీలో హెచ్1బి మీద ఉన్నవాళ్లు అమెరికా మార్కెట్ కిందికే వస్తారు. ఆస్ట్రేలియా పౌరసత్వం ఉండి డాలస్‌లో ఉంటున్నా అంతే.

మరి బావగారి డాలస్ అడ్రసు ఇచ్చి మెల్‌బోర్న్ నుంచి కొంటే? చాలామంది చేస్తారు. కొందరికి గడిచిపోతుంది కూడా. నేను వద్దనే చెబుతాను. ఆన్‌లైన్ చెకిన్ చేసేటప్పుడు నివాస దేశం, పాస్‌పోర్టు వివరాలు, అత్యవసర ఫోన్ నంబరు అన్నీ అడుగుతారు. పొంతన కుదరకపోతే మీ దేశపు రేటుకు మార్చి తేడా కట్టమనొచ్చు, లేదా బుకింగే రద్దు చేయొచ్చు. అప్పటికి విమానం టికెట్లు కొనేసి ఉంటారు. ఆన్‌బోర్డ్ క్రెడిట్ కోసం పడాల్సిన రిస్కు కాదది. ఇన్సూరెన్సు క్లెయిమ్ చేయాల్సి వస్తే తప్పుడు అడ్రసు మరీ మెడకు చుట్టుకుంటుంది.

సిడ్నీ లెక్క

అంకెలు వేసుకుని చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఇవి ఊహించి వేసిన అంకెలే, ఏ కంపెనీ రేట్లూ కావు. సిడ్నీ నుంచి ఏడు రాత్రుల ప్రయాణం, ఇద్దరికి బాల్కనీ. స్థానిక ఏజెంటు 4,800 ఆస్ట్రేలియా డాలర్లన్నాడు, టిప్పులు కలిపే. అమెరికా ఏజెంటు 2,600 అమెరికా డాలర్లన్నాడు. ఒక అమెరికా డాలరుకు ఒకటిన్నర ఆస్ట్రేలియా డాలర్లు వేసుకుంటే 3,900. చూడగానే 900 మిగిలినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు టిప్పులు కలపండి. పెద్ద కంపెనీల్లో మామూలు కేబిన్‌కు మనిషికి రోజుకు 16 నుంచి 20 అమెరికా డాలర్ల మధ్య పడుతోంది. 18.50 వేసుకుంటే ఇద్దరికి ఏడు రోజులకు 259 అమెరికా డాలర్లు, అంటే దాదాపు 388 ఆస్ట్రేలియా డాలర్లు. కార్డు మీద విదేశీ లావాదేవీ రుసుము మూడు శాతం వేసుకుంటే ఇంకో 117. మొత్తం 4,405. మిగిలింది 900 కాదు, 395. ఏజెంటు 150 అమెరికా డాలర్ల ఆన్‌బోర్డ్ క్రెడిట్ ఇచ్చాడనుకుంటే 225 కలిసి 620 అవుతుంది. కానీ ఆ క్రెడిట్‌ను ఓడలోనే ఖర్చు పెట్టాలి. చాలా కంపెనీల్లో వాడకుండా మిగిలింది నగదుగా చేతికి రాదు. మందు ముట్టని, ఫొటోలు కొనని, షాపుల వైపు చూడని మన అమ్మానాన్నల ఖాతాలో 150 డాలర్లు వేస్తే చివరి రోజు ఏదో ఒక టోపీ, టీషర్టు కొనాల్సిందే. నిజంగా అవసరమైన ఖర్చు, అంటే టిప్పులకో ఒడ్డున చూపించే టూర్లకో అది వాడుకోవచ్చా అని అడగండి. వాడుకోవచ్చంటేనే దాన్ని డబ్బుగా లెక్కేయండి.

ఇంకొకటి. ఆస్ట్రేలియా రేవుల నుంచి బయలుదేరే కొన్ని ఓడల్లో స్థానిక టారిఫ్‌లో టిప్పులు కలిసి ఉంటాయి, అదే సెయిలింగ్‌కు అమెరికా టారిఫ్‌లో ఉండవు. కొటేషన్లు పోల్చేటప్పుడు ఎక్కువమంది తప్పు లెక్క వేసేది ఇక్కడే. పన్నుల విషయంలో మాత్రం ఇప్పుడు కాస్త నయం. ఒకప్పుడు అమెరికా ప్రకటనల్లో పోర్టు ఫీజులు విడిగా చిన్న అక్షరాల్లో ఉండేవి. ప్రకటించిన ధరలోనే తప్పనిసరి ఫీజులన్నీ ఉండాలని కాలిఫోర్నియా చేసిన చట్టం 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాక, పెద్ద కంపెనీలు ఆ దేశమంతటా కలిపి చూపించడం మొదలుపెట్టాయి.

డాలరు రేటు సంగతీ మరిచిపోవద్దు. డిపాజిట్ ఈ రోజు రేటుకు కడతారు, మిగతాది ఎనిమిది నెలల తర్వాతి రేటుకు. ఈలోపు డాలరు అయిదు శాతం పెరిగితే మీరు ఆదా చేసుకున్నదంతా అందులోనే పోతుంది.

కార్డు స్టేట్‌మెంట్‌లో ఎవరి పేరుంటుంది?

విదేశీ ఏజెంటును ఎంచుకునేముందు నేను అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న ఇదే. చాలా అమెరికా ఏజెన్సీలు మీ కార్డు వివరాలను క్రూజ్ కంపెనీకే పంపుతాయి. డబ్బు తీసుకునేది కంపెనీ, స్టేట్‌మెంట్‌లో కనిపించేది కూడా కంపెనీ పేరే. రేపు ఏజెన్సీ మూతపడినా మీ బుకింగ్ బతికే ఉంటుంది. ఏజెన్సీయే తన ఖాతాలోకి తీసుకుని తర్వాత కంపెనీకి కట్టే పద్ధతి ఇంకోటుంది. బ్రిటన్‌లో, ఇండియాలో ఇది మామూలే. అప్పుడు మీ డబ్బు కొన్ని వారాలో నెలలో ఏజెంటు దగ్గర ఉంటుంది. సొంత దేశంలో అయితే చట్టం ఎంతో కొంత కాపలా కాస్తుంది. పరాయి దేశంలో ఎవరు కాస్తారు?

2020 మార్చిలో క్రూజ్‌లన్నీ ఆగిపోయినప్పుడు ఈ తేడా బాగా తెలిసొచ్చింది. కంపెనీకి నేరుగా కట్టినవాళ్లు కంపెనీతో మాట్లాడుకున్నారు. ఏజెంటు ఖాతాలో కట్టినవాళ్లు ముందు ఏజెంటు చుట్టూ తిరిగారు.

రక్షణల విషయంలో బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లే అదృష్టవంతులు. అక్కడి 2018 ప్యాకేజీ ట్రావెల్ నిబంధనలు క్రూజ్‌లకూ వర్తిస్తాయి. విమానంతో కలిపి కొంటే అటోల్ అనే పథకం కింద కట్టిన డబ్బుకు రక్షణ ఉంటుంది. క్రెడిట్ కార్డుతో కడితే 1974 వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షను కింద, ధర 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల లోపు ఉంటే, బ్యాంకునే నిలదీయొచ్చు. అయితే మధ్యలో ఏజెంటు డబ్బు తీసుకుంటే ఆ హక్కు బలహీనపడొచ్చు. ఇన్ని ఉన్నచోట వదిలేసి, రెండు మూడు వందల పౌండ్ల కోసం ఫ్లోరిడా దాకా వెళ్లడం నాకు గిట్టుబాటుగా అనిపించదు. ఆస్ట్రేలియాలో పరిస్థితి వేరు. ట్రావెల్ ఏజెంట్లకు లైసెన్సు విధానం, దానితో పాటు ఉన్న పరిహార నిధి 2014లోనే పోయాయి. ఏజెంటు మునిగితే అక్కడా కార్డు చార్జ్‌బ్యాకే, అంటే కార్డు ఇచ్చిన బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడగడమే దిక్కు. కాబట్టి స్థానిక ఏజెంటును వదులుకోవడం వల్ల పోయేది బ్రిటన్‌లో పోయినంత ఉండదు.

అమెరికాలో కాలిఫోర్నియా, ఫ్లోరిడా, వాషింగ్టన్, హవాయి రాష్ట్రాల్లో ట్రావెల్ అమ్మేవాళ్లు రిజిస్టర్ చేసుకోవాలి. రిజిస్ట్రేషన్ నంబరు ఏజెన్సీ వెబ్‌సైట్ అడుగున ఉంటుంది, చూసుకోండి. కాలిఫోర్నియాలో ఒక పరిహార నిధి కూడా ఉంది గానీ అది కొనేటప్పుడు కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకే. మెల్‌బోర్న్‌లో కూర్చుని కొన్నవాళ్లకు అందులోంచి ఏమీ రాదు. ఓడ అమెరికా రేవు నుంచి బయలుదేరేదైతే మాత్రం అక్కడి నౌకాయాన నియంత్రణ సంస్థ ఫెడరల్ మారిటైమ్ కమిషన్ నిబంధనలున్నాయి. ప్రయాణం రద్దయినా, మూడు రోజులు లేదా అంతకంటే ఎక్కువ ఆలస్యమై మీరు వెళ్లకపోయినా కంపెనీ డబ్బు వెనక్కి ఇవ్వాలి.

ఏజెంటు గట్టివాడైనా కంపెనీయే పోవచ్చు. ముంబయి నుంచి 2019లో మొదలైన జలేష్ క్రూజెస్ 2020లో మూతపడింది. 2022 జనవరిలో జెంటింగ్ హాంకాంగ్ కూలిపోతే డ్రీమ్ క్రూజెస్, క్రిస్టల్ రెండూ దానితోపాటే పడిపోయాయి. డ్రీమ్ ఓడ జెంటింగ్ డ్రీమ్ 2022లోనే రిసార్ట్స్ వరల్డ్ క్రూజెస్ పేరుతో సింగపూర్ నుంచి మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. ఇలాంటి దెబ్బకు ఏ దేశం ఏజెంటైనా ఒకటే. ఇన్సూరెన్సులో కంపెనీ దివాలా కవర్ ఉందో లేదో చూసుకోవడమొక్కటే మన చేతిలో ఉన్న పని.

హైదరాబాద్ నుంచి కొనేవాళ్లకు

మన దగ్గర నుంచి ఎక్కువమంది వెళ్లేది సింగపూర్ ఓడలకు. మూడు నాలుగు రాత్రులు, పెనాంగ్, ఫుకెట్ చూసి వెనక్కి. ఇక్కడ విదేశీ ఏజెంటు అంటే సింగపూర్ ఏజెంటు. కొటేషన్ చూడగానే ఆయనే చవక అనిపిస్తాడు. కారణం, మన ఏజెంటు బిల్లులో జీఎస్టీ, టీసీఎస్ అని రెండు వరుసలుంటాయి.

టీసీఎస్ ఖర్చు కాదు, ముందుగా పట్టుకున్న పన్ను. ఐటీ రిటర్నులో చూపిస్తే సర్దుబాటవుతుంది, లేదా రిఫండ్ వస్తుంది. 2023 అక్టోబరు నుంచి విదేశీ టూరు ప్యాకేజీ మీద 7 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు 10 లక్షలైంది. 2026 ఏప్రిల్ నుంచి హద్దు లేకుండా 2 శాతమే అయింది. బడ్జెట్లు వచ్చినప్పుడల్లా ఇది మారే వ్యవహారమే కాబట్టి డబ్బు కట్టే రోజు అమల్లో ఉన్న రేటు అడిగి కట్టండి.

నలుగురికి కలిపి మన ఏజెంటు 2,00,000 రూపాయలు చెప్పాడనుకోండి. జీఎస్టీ 5 శాతం కలిపితే 2,10,000. టీసీఎస్ 2 శాతం చొప్పున ఇంకో 4,200 కలిపితే చేతి నుంచి పోయేది 2,14,200. సింగపూర్ ఏజెంటు రేటు మన రూపాయల్లో 1,95,000 అనుకుందాం. మన క్రెడిట్ కార్డు ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ లావాదేవీ రుసుము 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే ఇంచుమించు 8,050. మొత్తం 2,03,050. పైకి 11,000 పైచిలుకు తేడా. టీసీఎస్ వెనక్కి వచ్చేదే కాబట్టి తీసేస్తే నికరంగా మిగిలేది 7,000 లోపు. నలుగురి ప్రయాణం మీద, ఏదైనా జరిగితే సింగపూర్‌కు మెయిళ్లు రాసుకుంటూ కూర్చోవడానికి అది సరిపోతుందా? నాకైతే సరిపోదు. 20,000 దాటితే ఆలోచిస్తాను.

ఎందుకంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మనం ఉన్న ఊరి వినియోగదారుల కమిషన్లోనే కేసు వేయొచ్చు. అమీర్‌పేట ఏజెంటు మీద ఆ చట్టానికి పట్టుంటుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఒక్క ఫిర్యాదు చేస్తే కదిలే ఏజెంట్లున్నారు. సింగపూర్ ఏజెంటు మీద ఇక్కడ ఆర్డరు తెచ్చుకున్నా అమలు చేయించడం అయ్యే పని కాదు. పైగా వీసా పని మన ఏజెంటే చూస్తాడు. సింగపూర్ నుంచి బయలుదేరి సింగపూర్‌కే తిరిగొస్తే అది రెండోసారి దేశంలోకి రావడం కిందికి వస్తుంది. వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా అని చూడకుండా బయలుదేరకూడదు. విదేశీ ఏజెంట్లకు భారత పాస్‌పోర్టుకు ఏ వీసా కావాలో తెలియకపోవచ్చు. తెలిసినా చెప్పే బాధ్యత తమది కాదని వాళ్ల షరతుల్లో రాసే ఉంటుంది.

పిల్లలు అమెరికాలో, అమ్మానాన్నలు ఇక్కడ

ఇది మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన సందర్భం. అమెరికా ఏజెంటు దగ్గర కొనడం పూర్తిగా న్యాయంగా, లాభంగా కుదిరేది కూడా ఇక్కడే. కొడుకో కూతురో అమెరికా నివాసి. వాళ్ల బుకింగ్‌లో వాళ్ల అడ్రసుతో, పక్క కేబిన్లో తల్లిదండ్రులు. తల్లిదండ్రులు ఇండియా నివాసులని దాచకుండా ఏజెంటుకు ముందే చెప్పండి. సందర్శకులుగా వచ్చిన కుటుంబసభ్యులను కలుపుకోవడానికి అభ్యంతరం ఉండే రేట్లు, ముఖ్యంగా ఫలానా రాష్ట్రం వాళ్లకే అని ఇచ్చే డిస్కౌంట్లు, అప్పుడే బయటపడతాయి.

తర్వాత పేర్ల గొడవ. మన పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉండటం మామూలు. అమెరికా వీసాలో అదే ఎఫ్‌ఎన్‌యూ, అంటే మొదటి పేరు తెలియదు అని పడుతుంది. ఏజెంటు ఫారంలో రెండు గడులూ నింపాల్సిందే కాబట్టి ఎవరికి తోచింది వాళ్లు రాసేస్తారు. విమానం టికెట్‌లో ఒకలా, క్రూజ్‌లో ఒకలా, వీసాలో ఇంకోలా పేరు పడితే రేవులో నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో ఏజెంటుకు పంపి, కన్ఫర్మేషన్ రాగానే అక్షరం అక్షరం సరిచూసుకోండి. మొదట్లో దిద్దడం తేలిక. ఫైనల్ పేమెంట్ దాటాక పేరు మార్పును కొన్ని కంపెనీలు రద్దు కింద చూస్తాయి.

అలాస్కా అనగానే సియాటిల్ నుంచి ఓడ ఎక్కితే అంతా అమెరికాయే కదా అనుకుంటారు. కాదు. విదేశీ జెండా ఉన్న ఓడ ప్రయాణికులను ఒక అమెరికా రేవు నుంచి మరో అమెరికా రేవుకు తీసుకెళ్లకూడదని 1886 నాటి చట్టం ఒకటుంది. దాని వల్లే సియాటిల్ ఓడలు మధ్యలో కెనడాలోని విక్టోరియాలోనో మరో రేవులోనో ఆగుతాయి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కెనడా వీసా కావాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు అక్కర్లేదు. ఆ సాయంత్రం ఒడ్డున దిగేది మూడు నాలుగు గంటలే అయినా వీసా తప్పదు. వీసా లేకపోతే ఓడే ఎక్కనివ్వరు. దానికి వారాలు పడుతుంది. అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలన్నది కూడా చూసుకోండి. మొదటిసారి తల్లిదండ్రులను తీసుకెళ్లేవాళ్లు టెక్సస్‌లోని గాల్వెస్టన్ నుంచి మెక్సికో వైపు వెళ్లే ఓడ చూసుకుంటే ఈ బాధ తక్కువ. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నవాళ్లను మెక్సికో విడిగా వీసా అడగదు.

ఇన్సూరెన్సు దగ్గర అమెరికా ఏజెంటు ఇచ్చే పాలసీని తల్లిదండ్రులకు తీసుకోవద్దు. బుకింగ్ పేజీలో టిక్కు పెడితే చాలు కలిసిపోతుంది గానీ అలాంటి పాలసీలు చాలావరకు అమెరికా నివాసులకే వర్తిస్తాయి. వాళ్లకు ఇండియాలో, బయలుదేరకముందే, క్రూజ్‌కు వర్తిస్తుందని రాసి ఉన్న ట్రావెల్ పాలసీ తీసుకోవాలి. ఓడలో డాక్టరు బిల్లు డాలర్లలో, అక్కడికక్కడ కార్డు మీద పడుతుంది. సముద్రం మధ్య నుంచి హెలికాప్టర్లో ఆస్పత్రికి చేర్చాల్సి వస్తే అయ్యే ఖర్చు ముందు టికెట్ ధర ఏ మూలకూ రాదు. బీపీ, సుగర్ ఉన్నాయని దాచకండి. ముందున్న జబ్బులకు కవర్ ఉన్న పాలసీకి ప్రీమియం ఎక్కువైనా అదే కొనండి.

ఎవరు ఎక్కడ కొనాలి

అమెరికాలో ఉంటే అమెరికా ఏజెంటే. రిఫండబుల్ డిపాజిట్ రేటు, టిప్పులు కట్టే తాయిలం, రేటు పడితే మార్చే మనిషి, ఈ మూడూ ఉన్న ఏజెన్సీ చూసుకోండి. బ్రిటన్‌లో ఉంటే స్వదేశీ ఏజెంటే మేలు. ఆస్ట్రేలియాలో ఉంటే అలాస్కా, కరీబియన్ లాంటి దూరపు ప్రయాణాలకు, కంపెనీ నియమాలు ఒప్పుకున్నప్పుడు మాత్రమే అమెరికా ఏజెంటును అడిగి చూడండి. సిడ్నీ నుంచి బయలుదేరే ఓడకు మాత్రం ఆ శ్రమ వద్దు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి సింగపూర్ ఓడకు వెళ్లే కుటుంబానికి మన ఏజెంటే నయం. ఆయన చెప్పిన రేటును సింగపూర్ రేటుతో పోల్చి బేరమాడటానికి ఆ విదేశీ కొటేషన్ బాగా పనికొస్తుంది. మొదటిసారి క్రూజ్ ఎలా ఉంటుందో చూద్దామనుకునేవాళ్లకు ఈ గొడవే అక్కర్లేదు. కార్డీలియా అనే మన దేశపు క్రూజ్ కంపెనీ మన రేవుల నుంచే ఓడ నడుపుతోంది, రూపాయల్లో కట్టొచ్చు. 2022 జూన్‌లో విశాఖ నుంచి కూడా నడిపింది.

విదేశీ ఏజెంటే అని నిర్ణయించుకున్నవాళ్లు డిపాజిట్ కట్టేముందు ఇవి మెయిల్లో రాతపూర్వకంగా తెప్పించుకోండి: నేను ఫలానా దేశంలో నివసిస్తున్నాను, ఈ రేటు నాకు చెల్లుతుందా? కార్డు మీద చార్జీ వేసేది మీరా, క్రూజ్ కంపెనీయా? ఈ డిపాజిట్ ఏ తేదీ దాకా పూర్తిగా వెనక్కి వస్తుంది? కంపెనీ కోతకు తోడు మీ ఏజెన్సీ విడిగా క్యాన్సిలేషన్ ఫీజు వేస్తుందా? టిప్పులు కలిసి ఉన్నాయా? రేటు తగ్గితే మార్చడానికి ఎవరిని, ఏ వేళల్లో అడగాలి? క్యాన్సిలేషన్ ఫీజు ప్రశ్న చాలామంది వదిలేస్తారు. కంపెనీ పైసా కోయకుండా వెనక్కి ఇచ్చినా, కొన్ని ఏజెన్సీలు మనిషికి ఇంత అని సొంతంగా పట్టుకుంటాయి. నలుగురి కుటుంబమైతే తాయిలంగా ఇస్తామన్న ఆన్‌బోర్డ్ క్రెడిట్ దానికే సరిపోతుంది.